సొరచేపకు సిగ్నల్ అందదు

నిజాంపేట, హైదరాబాద్

పిల్లలూ,

బిర్యానీ తెచ్చే అన్న ఎక్కడున్నాడో ఫోన్‌లో కనిపించినట్టు, ట్యాగు (ఆచూకీ తెలియడానికి తగిలించే చిన్న పరికరం) కట్టిన సొరచేప కూడా ఎప్పుడూ కనిపిస్తూ ఉంటుందా అని మొన్న లిఫ్ట్ దగ్గర అడిగారు. ఉండదు. రేడియో సిగ్నల్ ఉప్పునీటిని దాటి రాలేదు. వీపు రెక్కకు బిగించిన ట్యాగు, ఆ రెక్క నీటిపైకి వచ్చినప్పుడే ఉపగ్రహానికి కబురు పంపగలదు.

పైకి రాని సొరల కోసం ఇంకో రకం ట్యాగు ఉంది. నాకు ఇదంటేనే ముచ్చట. నెలల తరబడి చేప వెంటే ఉండి లోతు, నీటి వేడి, వెలుతురు నమోదు చేస్తుంది. ముందే పెట్టిన రోజు రాగానే దాన్ని పట్టి ఉంచిన పిన్ను ఉప్పునీటిలో కరిగి తెగిపోతుంది. ట్యాగు పైకి తేలి, దాచుకున్న లెక్కల్ని ఉపగ్రహానికి పంపుతుంది. వెలుతురు ఎందుకంటారా? పగలు ఎంతసేపుందో తెలిస్తే అక్షాంశం, మిట్టమధ్యాహ్నం ఎప్పుడైందో తెలిస్తే రేఖాంశం దొరుకుతాయి. కచ్చితంగా కాదు, సుమారుగా. మీ సోషల్ టీచర్‌కి చెప్పండి, సంతోషిస్తారు.

2003 నవంబరులో దక్షిణాఫ్రికా దగ్గర ఒక ఆడ గ్రేట్ వైట్ సొరకు ఇలాంటిది కట్టారు. దాని పేరు నికోల్. 99 రోజుల తర్వాత ఆ ట్యాగు ఆస్ట్రేలియా పడమటి తీరం దగ్గర తేలింది. అంటే 11,000 కిలోమీటర్ల పైనే. దారిలో 980 మీటర్ల లోతుకూ దిగింది. 2004 ఆగస్టుకల్లా నికోల్ మళ్లీ దక్షిణాఫ్రికాలో ఉంది! అప్పటికి ట్యాగు లేదు కదా, వీపు రెక్క అంచున ఉన్న గాట్లను ఫొటోల్లో పోల్చి గుర్తుపట్టారు. ఆ రెండు దేశాల్లోనూ గ్రేట్ వైట్‌ను పట్టడం నేరమే. మధ్యలో ఉన్న సముద్రంలో దాన్ని ఎవరు కాపాడాలి?

ఇక ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడం. దానికి అంకె వేసిన ప్లాస్టిక్ ట్యాగు చాలు. వంద సొరలకు కట్టి వదిలారనుకోండి. తర్వాత యాభై పట్టుకుంటే అయిదింటికి ట్యాగులున్నాయి. అంటే పదింటికి ఒకటి. మొత్తం సుమారు వెయ్యి ఉండొచ్చు. ట్యాగులు ఊడితే, వలలో పడ్డ ట్యాగు సంగతి ఎవరూ చెప్పకపోతే లెక్క తప్పుతుంది. అందుకే జాలర్లు కలిసిరాకుండా ఈ పని సాగదు. అమెరికాలో 1962 నుంచీ గాలం వేసేవాళ్లే సొరలకు ట్యాగులు కట్టి వదులుతున్నారు.

సముద్రం లేని మన ఊరికి ఇదంతా ఎందుకనుకోకండి. జాలర్లకు చేపలు దొరికే చోట్లు చెప్పే ప్రభుత్వ సంస్థ ఇన్‌కాయిస్ మన ప్రగతినగర్‌లోనే ఉంది. ఎల్లోఫిన్ ట్యూనా చేపలకు ఉపగ్రహ ట్యాగులు కట్టి చూసిన పరిశోధన వాళ్లదే.

చేపకు నొప్పి పుట్టదా అని చిన్నది అడిగింది. రెక్కకు రంధ్రం వేస్తారు కాబట్టి పుట్టదని నేను చెప్పను. పడవెక్కిస్తే మొప్పలకు నీళ్లు పారిస్తారు, త్వరగా ముగిస్తారు. చాలా సొరలు వెల్లకిలా తిప్పితే కదలకుండా ఉండిపోతాయి. సొరలకు చుట్టాలైన, బల్లపరుపుగా ఉండే టేకు చేపల్లో పెద్దదైన మాంటాకైతే పొట్ట మీద మచ్చలు ఒకదానికున్నట్టు ఇంకోదానికి ఉండవు, గుర్తుపట్టడానికి ఒక ఫొటో చాలు. ఫొటోతో తేలే ప్రశ్నకు ట్యాగు గుచ్చడం నాకు నచ్చదు.

మీ మూడో అంతస్తు తాతయ్య