పై చెరువు ఒండ్రు

పిల్లలకు,

వారం రోజుల ముసురుకు మన చెరువు నిండి మత్తడి దుంకుతోంది. ఊరంతా కట్ట మీదే ఉంది. ఇదే సమయానికి తొమ్మిదో తరగతి చదివే ఒక పాప ఉత్తరం అందింది. "తాతా, మా క్లాసులో అందరూ రోజూ ఏదో ఒక కొత్త టెక్నాలజీ గురించి మాట్లాడుకుంటారు. నాకు సగం తెలీదు. ఫోన్‌లో చూస్తే ప్రతిదీ ప్రపంచాన్ని మార్చేస్తుందనే రాస్తున్నారు. ఏది నిజంగా మారుస్తుందో ఎలా తెలుసుకోవాలి? నేను వెనకబడిపోతున్నానా?"

నువ్వు వెనకబడలేదు తల్లీ. మిగతావాళ్లు కూడా వినండి. ముందు మత్తడి దగ్గరికి పోదాం.

మన చెరువులో పడే వాన కొంచెమే. ఎక్కువ నీళ్లు పై ఊరి చెరువు నిండి, దాని మత్తడి పొర్లి, వాగులోంచి మనకు చేరతాయి. మన చెరువు నిండితే కింది ఊరికి పోతాయి. కాకతీయుల నాటి నుంచి ఈ నేలంతా ఇలా గొలుసుకట్టు చెరువులే. ఒక సంగతి గమనించండి. వాగు నీళ్లు ఎర్రగా, మట్టితో వస్తాయి. చెరువులో నిలవగానే బరువైన మన్ను అడుక్కు దిగిపోతుంది. మత్తడి మీంచి పారేది పైపై తేట నీరే. అందుకే గొలుసులో కిందికి పోయినకొద్దీ నీళ్లు తేటపడతాయి.

కొత్త విషయం కూడా ఇలాగే మన దాకా వస్తుంది. పరిశోధన చేసినవాళ్ల నోటుపుస్తకం మొదటి చెరువు. వాళ్లు రాసే పరిశోధన వ్యాసం, అంటే పేపర్, రెండోది. ఆ విశ్వవిద్యాలయం ఇచ్చే పత్రికా ప్రకటన మూడోది. దినపత్రిక, టీవీ ఆ తర్వాత. అర నిమిషం వీడియో అన్నిటికంటే కింద. ప్రతి చెరువులోనూ కొంత అడుక్కు దిగుతుంది. ‘కావచ్చు’, ‘ఈ ఒక్క నమూనాలో’, ‘ఎలుకల్లో మాత్రమే’, ‘ఇంకా పరీక్షించాలి’ లాంటి మాటలు బరువైనవి, అవే ముందు దిగిపోతాయి. మీ ఫోన్‌కు చేరేసరికి కబురు అద్దంలా ఉంటుంది. కబురు ఎంత తేటగా ఉంటే, దారిలో అంత ఎక్కువ దిగిపోయిందని అనుకోండి.

అడుక్కు దిగింది చెత్త అనుకునేరు. మా చిన్నతనంలో ఎండాకాలం చెరువు ఎండితే ఊళ్లో బండ్లన్నీ అక్కడే ఉండేవి. గడ్డపారతో పెళ్లగించిన నల్లటి ఒండ్రును ఎడ్లబండ్ల మీద పొలాలకు తోలేవాళ్లు. ఎండిన పెళ్ల చేత్తో నలిపితే మెత్తగా, పిండిలా రాలేది. ఒండ్రు తోలిన చేను తడిని ఎక్కువ రోజులు పట్టి ఉంచుతుందని పిల్లలకు కూడా తెలుసు. చదువులోనూ బలమంతా ఆ ఒండ్రులోనే ఉంటుంది.

ఒక ఉదాహరణ దగ్గరగా చూద్దాం. 2023 జులై 22న కొరియా పరిశోధకులు రెండు పేపర్లు బయటపెట్టారు. ఎల్‌కే-99 అనే పదార్థం మామూలు గాలి ఒత్తిడిలోనే, నీళ్లు మరిగే వేడి దాటి 127 డిగ్రీల సెల్సియస్ దాకా సూపర్ కండక్టర్‌గా ఉంటుందని అందులో రాశారు. కరెంటు ఏమాత్రం నష్టపోకుండా పారే పదార్థాన్ని సూపర్ కండక్టర్ అంటారు. 1911లో హాలండ్‌లో కామర్లింగ్ ఆన్స్ అనే శాస్త్రవేత్త దీన్ని మొదట పాదరసంలో చూసినప్పుడు దాన్ని మైనస్ 269 డిగ్రీలకు చల్లబరచాల్సి వచ్చింది. అలాంటిది గదిలో, బల్ల మీద దొరికిందంటే లోకం ఊగిపోక ఏమవుతుంది? అయస్కాంతం మీద చిన్న రాయి తేలుతున్న వీడియో దేశదేశాలూ తిరిగింది.

పై చెరువుకు పోయి చూసినవాళ్లకు ఏం కనిపించిందంటే, రాయి పూర్తిగా తేలలేదు. ఒక అంచు అయస్కాంతాన్ని తాకే ఉంది, రెండో అంచు మాత్రమే లేచింది. మామూలు అయస్కాంత గుణం కొంచెమున్న ముక్క కూడా అలా లేస్తుంది. తయారుచేసే పద్ధతి కూడా పేపర్‌లోనే ఉంది. సీసం ఆక్సైడు, సీసం సల్ఫేటు సమపాళ్లలో కలిపి 725 డిగ్రీల దగ్గర 24 గంటలు కాల్చాలి. రాగి, భాస్వరం కలిపి 550 డిగ్రీల దగ్గర 48 గంటలు కాల్చాలి. రెండిటినీ నూరి, గాలి తీసేసిన గాజు గొట్టంలో మూసి 925 డిగ్రీల దగ్గర ఉంచాలి. సల్ఫేటులో గంధకం ఉంది, పక్కనే రాగి ఉంది. రెండూ కలిస్తే రాగి సల్ఫైడు పుడుతుంది. ఆ రాగి సల్ఫైడు 104 డిగ్రీల దగ్గర తన అమరిక మార్చుకుంటుంది, అప్పుడు విద్యుత్ నిరోధం ఒక్కసారిగా మారుతుంది. పేపర్‌లో నిరోధం పడిపోయినట్టు చూపిన చోటు కూడా సరిగ్గా అదే. అంటే అది సూపర్ కండక్టర్ గుణం కాక, ఈ రాగి సల్ఫైడు పనే కావచ్చు.

ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల వాళ్లు అదే పద్ధతిలో చేసి, జులై నెల ముగిసేలోపే తమ నమూనా సూపర్ కండక్టర్ కాదని రాశారు. మన దేశంవాళ్లు అంత త్వరగా, అంత జాగ్రత్తగా తేల్చిచెప్పారని గుర్తుపెట్టుకోండి. ఆగస్టులో జర్మనీలోని స్టట్‌గార్ట్ మాక్స్ ప్లాంక్ సంస్థ గంధకం తగలకుండా శుద్ధమైన స్ఫటికాలు పెంచింది. అవి ఊదారంగులో, వెలుతురు పారేలా ఉన్నాయి. నిరోధం లక్షల ఓములు. కరెంటును అసలు పారనివ్వవు! వాదన తేలడానికి నెల కూడా పట్టలేదు. ఆ నెల రోజులు ఓపిక పట్టినవాళ్లు ఏమీ పోగొట్టుకోలేదు.

ఇక మీరు చేయాల్సిన పని. వార్తలో పరిశోధన చేసిన సంస్థ పేరో, పేపర్ అచ్చయిన శాస్త్ర పత్రిక పేరో వెతకండి. రెండూ లేకపోతే దాన్ని అక్కడే వదిలేయండి. పేరుంటే అసలు పేపర్ దగ్గరికి వెళ్లండి. భౌతికశాస్త్రం, కంప్యూటర్ల పేపర్లు చాలావరకు ఆర్కైవ్ అనే సైటులో ఉచితంగా దొరుకుతాయి. ఇంగ్లిష్‌లో దాని పేరు మధ్యలో ఎక్స్ అక్షరం ఉంటుంది. 1991లో పాల్ గిన్స్‌పార్గ్ అనే భౌతిక శాస్త్రవేత్త దాన్ని మొదలుపెట్టాడు. ప్రతి పేపర్‌కూ ఒక నంబరుంటుంది. ఎల్‌కే-99 మొదటి పేపర్ నంబరు 2307.12008. ముందు రెండంకెలు సంవత్సరం, తర్వాతి రెండూ నెల, చుక్క తర్వాతిది వరుస సంఖ్య. పాత కబురు కొత్తదిగా తిరుగుతుంటే ఈ నంబరే పట్టిస్తుంది. అక్కడ పెట్టిన పేపర్‌ను తోటి నిపుణులు ఇంకా పరిశీలించి ఉండకపోవచ్చు, అది మరవకండి. పెద్ద పత్రికలో అచ్చయినంత మాత్రాన కూడా పని అయిపోదు. అదే 2023లో ఇంకో సూపర్ కండక్టర్ పేపర్ మార్చిలో నేచర్ అనే పేరున్న శాస్త్ర పత్రికలో వచ్చింది, నవంబరులో దాన్ని వెనక్కి తీసుకున్నారు. అలాంటి వాటి మీద ‘రిట్రాక్టెడ్’ అని ఉంటుంది.

పేపర్‌ను మొదటి పేజీ నుంచి వరసగా చదవకండి. ముందు సారాంశం, ఆ తర్వాత గ్రాఫులు. గ్రాఫులో గీత కంటే ముందు అడ్డంగా, నిలువుగా ఏం కొలిచారో, ఏ కొలతల్లోనో చూడండి. నిలువు గీత సున్నా దగ్గర మొదలవకపోతే చిన్న తేడా కూడా కొండంత కనిపిస్తుంది. తర్వాత చివరి భాగం, లోపాలు ఒప్పుకునేది సాధారణంగా అక్కడే. ఎన్ని నమూనాలు, దేనితో పోల్చారు, వేరేవాళ్లెవరైనా చేసి చూశారా అన్నవి రాసుకోండి. ముప్పావు వంతు అర్థం కాదు. పరవాలేదు, పెద్దవాళ్లకూ అంతే.

ఒక నోటుపుస్తకం పెట్టండి. తేదీ, ఎవరన్నారు, ఏమన్నారు అన్నది ఒక్క వాక్యంలో రాసి, పక్కన మళ్లీ చూడాల్సిన తేదీలు వేయండి: నెలకు, ఆరు నెలలకు, ఏడాదికి. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. మొదటిరోజు పరుగెత్తుకొస్తారు, నెల తర్వాత ఎవరూ తొంగిచూడరు.

రోజంతా చూడాల్సిన పని కూడా లేదు. చెరువు నిండుగా ఉందని నీరటి తూము మొత్తం ఎత్తేయడు. ఏ మడికి ఎంత కావాలో అంతే వదులుతాడు. ఎత్తేస్తే నారు కొట్టుకుపోతుంది. మీకు నిజంగా ఇష్టమైన రెండు విషయాలు ఎంచుకుని, ఆదివారం ముప్పావు గంట ఇస్తే చాలు.

అన్నీ అబద్ధాలేనని చేతులు దులుపుకోవడం కూడా తప్పే. 2017 జూన్‌లో, ఎక్కువగా గూగుల్ వాళ్లే ఉన్న ఎనిమిదిమంది, ఇంగ్లిష్‌ను జర్మన్‌లోకి, ఫ్రెంచ్‌లోకి మార్చడానికి ట్రాన్స్‌ఫార్మర్ అనే కొత్త కంప్యూటర్ అమరిక గురించి ఒక పేపర్ రాశారు. అందులోని పెద్ద నమూనాకు ఎనిమిది చిప్పుల మీద మూడున్నర రోజులు శిక్షణ ఇచ్చారు. మన ఊళ్లల్లో ఆ రోజు ఎవరికీ తెలియలేదు. 2022 నవంబరు 30న వచ్చిన చాట్‌జీపీటీ ఆ అమరిక మీదే నిలబడింది. ఐదేళ్లకు పైగా ఆ నీళ్లు పై చెరువులో చప్పుడు లేకుండా నిలిచే ఉన్నాయి. అలాంటిది ఇప్పుడు ఏ పై చెరువులో నిండుతోందో తలుచుకుంటే నాకు ఈ వయసులో కూడా ఒళ్లు పులకరిస్తుంది.

ఈ ఆదివారం ఆ నంబరు కొట్టి కొరియావాళ్ల గ్రాఫులు చూడండి. తర్వాత స్టట్‌గార్ట్ ఊదా స్ఫటికాల ఫొటో వెతికి పక్కన పెట్టుకోండి. వాన తెరిపిచ్చాక, మీ చెరువుకు నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయో ఇంట్లో అడిగి, పెద్దవాళ్లను తోడు తీసుకుని పై చెరువు దాకా నడిచి వెళ్లండి. రెండు చెరువుల నీళ్లూ రెండు గాజు సీసాల్లో పట్టి, రాత్రంతా కదపకుండా ఉంచండి. పొద్దున ఏ సీసాలో ఎంత మన్ను దిగిందో స్కేలుతో కొలిచి నాకు రాయండి. మత్తడి మీద మాత్రం కాలు పెట్టకండి, పాచి పట్టి ఉంటుంది.

మీ తాత