క్రికెట్ ఫోటోలు: అప్పు చేసి పెద్ద లెన్సు కొనేముందు ఈ లెక్క చూడండి

క్రికెట్ సీజను మొదలైందంటే చాలు, నాకు ఒకే రకం ఫోన్లు వస్తుంటాయి. మొన్న గుంటూరు వైపు నుంచి ఒక రైతు చేశారు. "మా అబ్బాయికి క్రికెట్ ఫోటోలంటే ప్రాణం సార్. 600 ఎం.ఎం. లెన్సు లేకపోతే లాభం లేదంటున్నారు. నిజమేనా?" ఇంట్లో బంగారం తాకట్టు పెట్టడానికి కూడా సిద్ధపడ్డారాయన. ఆయనకు ఆ సలహా ఇచ్చినవారు ముందు కాగితం మీద చిన్న లెక్క వేసి చూడాల్సింది.

అపోహ: 400, 600 ఎం.ఎం. లెన్సు లేనిదే క్రికెట్ ఫోటో రాదు.

వాస్తవం: ఎం.ఎం. అంకె పెరిగేకొద్దీ దూరంలో ఉన్న మనిషి ఫోటోలో పెద్దగా కనిపిస్తాడు. అంతర్జాతీయ పురుషుల మ్యాచుల్లో పిచ్ మధ్య నుంచి బౌండరీ 59 మీటర్లకు తగ్గకూడదు, 82 మీటర్లకు మించకూడదు. జిల్లా లీగు మ్యాచుల మైదానాలు చాలావరకు ఇంతకంటే పెద్దవేమీ కావు. 70 మీటర్ల దూరంలో ఆరడుగుల బ్యాటర్ ఉన్నాడనుకుందాం. ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ ఉండే) కెమెరాకు 400 లెన్సు పెడితే అతని బొమ్మ ఫ్రేము ఎత్తులో సగానికి కాస్త తక్కువ వస్తుంది. మామూలు క్రాప్ సెన్సర్ (అంతకంటే చిన్న సెన్సర్) కెమెరాకు 300 లెన్సు పెడితే సుమారు సగం వస్తుంది. అంటే పెళ్లిళ్లకు వెళ్లే కుర్రాళ్ల సంచుల్లో ఉండే 70-300 లెన్సు చాలు. 24 మెగాపిక్సెళ్ల ఫోటోను కొంత కత్తిరించినా పత్రికలో నిక్షేపంగా అచ్చవుతుంది.

మరి పది లక్షలు దాటే 400 ఎఫ్ 2.8 లాంటి లెన్సుకు డబ్బెందుకు పోస్తారు? ప్రధానంగా వెలుతురు కోసం. ఎఫ్ అంకె పెరిగేకొద్దీ లెన్సులోంచి వచ్చే వెలుతురు తగ్గుతుంది. ఎఫ్ 2.8తో పోలిస్తే ఎఫ్ 5.6 లోపలికి రానిచ్చే వెలుతురు నాలుగో వంతే. ఫ్లడ్‌లైట్ల కింద ఆ తేడా ప్రాణం తీస్తుంది, ఒప్పుకుంటాను. కానీ నిండు ఎండలో ఎఫ్ 5.6 దగ్గర, ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకె) 200 పెట్టుకుంటే సెకనులో 1600వ వంతు షట్టర్ వేగం హాయిగా దొరుకుతుంది. పాఠశాలల మ్యాచులు, జిల్లా లీగులు జరిగేది పగటిపూటే కదా! రాత్రి మ్యాచ్‌కు డబ్బులిచ్చి పిలిచేవారు దొరికిన రోజున లెన్సు అద్దెకు తెచ్చుకోండి. హైదరాబాద్, విజయవాడ లాంటి నగరాల్లో రోజు లెక్కన ఇస్తారు. చవక కదా అని 2 రెట్ల టెలీకన్వర్టర్ (లెన్సుకూ కెమెరాకూ మధ్య బిగించి బొమ్మను పెద్దది చేసేది) కొనుక్కొచ్చేవారిని చూస్తే బాధేస్తుంది. ఎఫ్ 5.6 లెన్సు దానితో ఎఫ్ 11 అయిపోతుంది. సాయంత్రమయ్యేసరికి ఫోకస్ వెతుక్కుంటూనే ఉంటుంది.

లెన్సు కంటే ముందు చూడాల్సింది ఎక్కడ కూర్చుంటున్నామన్నది. కుడిచేతి బ్యాటర్ ఛాతీ, ముఖం ఆఫ్ సైడుకు తిరిగి ఉంటాయి. లెగ్ సైడు కూర్చున్నవారికి దక్కేది ఎక్కువగా వీపే. పిచ్‌ను సాధారణంగా ఉత్తర దక్షిణాలుగా వేస్తారు, పొద్దువాలే ఎండ ఆటగాళ్ల కళ్లలో పడకుండా. కాబట్టి ఉత్తరపు కొసన స్ట్రైక్ తీసుకున్న కుడిచేతి బ్యాటర్ పడమరకు తిరిగి ఉంటాడు. దక్షిణపు కొసన ఎడమచేతి బ్యాటర్ కూడా అంతే. సాయంత్రం పడమటి బౌండరీ దగ్గర కూర్చుంటే సూర్యుడు మీ వెనుక ఉంటాడు, ఆ వెలుగు నేరుగా వాళ్ల ముఖాల మీద పడుతుంది.

ఒక లీగు మ్యాచ్‌లో ఒక కుర్రాడు తూర్పు వైపు చెట్టు నీడన కూర్చుని, ముఖాలన్నీ నల్లగా వస్తున్నాయని తన 70-300ను తిట్టుకుంటున్నాడు. అవతలి వైపుకు తీసుకెళ్లి, నిలబడకుండా చిన్న స్టూలు మీద కూర్చోమన్నాను. కెమెరా కిందికి దిగితే వెనుక గడ్డికి బదులు దూరపు చెట్లు వస్తాయి, మనిషి విడిగా కనిపిస్తాడు. కాసేపటికి ఒక కవర్ డ్రైవ్ తీసి తెర పెద్దది చేసి చూపించాడు. వాలిన ఎండ హెల్మెట్ అంచు కిందనుంచి దూరి, గ్రిల్లు కడ్డీల మధ్య బంతినే చూస్తున్న కన్ను స్పష్టంగా కనిపిస్తోంది. లెన్సు అదే, కెమెరా అదే.

అపోహ: ఐఎస్ఓ 800 దాటిస్తే ఫోటో పాడవుతుంది.

వాస్తవం: ఈ భయంతోనే ఎందరో షట్టర్ వేగం తగ్గించేసుకుంటారు. గంటకు 140 కిలోమీటర్ల బంతి సెకనులో 250వ వంతు కాలంలో 15 సెంటీమీటర్లకు పైగా కదులుతుంది. బంతి అడ్డుకొలత 7 సెంటీమీటర్లే. ఇక ఫోటోలో దొరికేది ఎర్రటి గీత. అదే 2000వ వంతులో కదిలేది 2 సెంటీమీటర్లు. ఫోటోలో గరుకుదనాన్ని తరువాత తగ్గించుకోవచ్చు, చెదిరిన ముఖాన్ని ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు. కాబట్టి 3200 అయినా 6400 అయినా ధైర్యంగా పెట్టండి.

సెకనుకు పది ఫ్రేములు తీసే కెమెరా ఉంటే బంతి బ్యాటుకు తగిలే క్షణం తప్పదనుకోవడం మరో భ్రమ. ఒక ఫ్రేముకూ మరో ఫ్రేముకూ మధ్య ఆ బంతి దాదాపు 4 మీటర్లు వెళ్లిపోతుంది. బ్యాటు కిందికి దిగడం మొదలవగానే నొక్కే అలవాటు వేళ్లకు రావాలి. ఇంగ్లండ్ ఫోటోగ్రాఫర్ పాట్రిక్ ఈగర్ ఆటోఫోకస్ రాకముందే, ఫిల్ముతోనే పేరు తెచ్చుకున్నారు. ప్రతి బంతికీ నొక్కి పట్టుకుంటే సరిగ్గా వికెట్ పడ్డప్పుడు బఫర్ (ఫోటోలను కాసేపు దాచుకునే కెమెరా లోపలి మెమరీ) నిండి కెమెరా మొరాయిస్తుంది. బౌలర్ పరుగెత్తుకుంటూ వచ్చే సంబరం, తల వంచుకుని వెళ్లే బ్యాటర్ అప్పుడే కదా ఉండేది!

మిగతావి క్లుప్తంగా చెబుతాను. ఫ్లాష్ వద్దు, అది అంత దూరం అందదు, ఆటగాళ్లకు ఇబ్బంది కూడా. మూడు కాళ్ల ట్రైపాడ్ కంటే ఒంటి కాలి మోనోపాడ్ నయం. రా (RAW, కెమెరా కుదించి మార్చని) ఫైళ్లే తీయాలన్న నియమం లేదు, మ్యాచ్ నడుస్తుండగానే ఫోటోలు పంపేవారికి జేపెగ్ చాలు. తెల్ల దుస్తులు వెలుతురు కొలిచే కెమెరా మీటరును తప్పుదారి పట్టిస్తాయి, ఎక్స్‌పోజర్ మాన్యువల్‌లో పెట్టుకోండి. ఫ్లడ్‌లైట్ల కింద ఫ్రేము ఫ్రేముకూ రంగు మారుతుంటే కెమెరా చెడిపోయిందని హడలిపోకండి. మన కరెంటుతో వెలిగే కొన్ని దీపాలు సెకనుకు 100 సార్లు మినుకుమంటాయి, యాంటీ ఫ్లికర్ ఆన్ చేస్తే చాలావరకు సర్దుకుంటుంది.

చివరగా, పెద్ద లెన్సు చూసి స్టేడియంలోకి పంపిస్తారన్న మాట నమ్మకండి. అంతర్జాతీయ మ్యాచులకు అక్రెడిటేషన్ (ఫోటోలు తీసే అధికారిక అనుమతి) సాధారణంగా పత్రికలు, వార్తా సంస్థల ద్వారానే వస్తుంది. 2012లో ఇంగ్లండ్ జట్టు మన దేశానికి వచ్చినప్పుడు గెటీ ఇమేజెస్ లాంటి పెద్ద ఫోటో సంస్థకే బీసీసీఐ దాన్ని నిరాకరించింది. కొత్తవారు జిల్లా, వయో విభాగాల మ్యాచులతో మొదలుపెట్టండి. టాస్‌కు ముందే నిర్వాహకులను కలిసి, ఎక్కడ కూర్చోవచ్చో అడగండి. పిల్లల మ్యాచ్ అయితే కోచ్‌నూ తల్లిదండ్రులనూ అడిగాకే కెమెరా తీయండి. ఓవర్ నడుస్తుండగా సైట్‌స్క్రీన్ ముందు కదిలితే బ్యాటర్ ఆట ఆపేస్తాడు, మరుసటి మ్యాచ్‌కు మిమ్మల్ని రానివ్వరు.