పసిబిడ్డ మూత్రంలో క్యాన్సర్ జాడ: జపాన్ మొదలుపెట్టి ఎందుకు ఆపేసింది?

‘చంటిపిల్లల మూత్రం పరీక్షిస్తే క్యాన్సర్ ముందే పట్టేయొచ్చట’ అనే మాట చెవిన పడితే నల్గొండలో అయినా నారాయణపేటలో అయినా తల్లిదండ్రులు అడిగేది ఒకటే: మరి మన సర్కారు దవాఖానల్లో ఎందుకు చేయరు? అడగడంలో తప్పులేదు. ఫ్లోరైడ్ నీళ్ల పుణ్యమా అని మూత్రం నమూనాలివ్వడం నల్గొండ పల్లెలకు కొత్తేం కాదు కూడా. అయితే ఇది డబ్బుల్లేక మన దాకా రాని పరీక్ష కాదు. జపాన్ దీన్ని దేశమంతటా దాదాపు ఇరవై ఏళ్లు చేసి చూసి, చివరికి మానేసింది.

ఆ జబ్బు పేరు న్యూరోబ్లాస్టోమా. మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథుల్లోనో, వెన్నెముక పక్కనున్న నరాల వెంటనో గడ్డ పుడుతుంది. ఎక్కువగా ఐదేళ్లలోపు పిల్లలకే వస్తుంది. ఈ గడ్డలోని కణాలు అడ్రినలిన్ జాతి రసాయనాలు తయారు చేస్తాయి. అవి విరిగాక మిగిలే వీఎంఏ, హెచ్‌వీఏ అనే పదార్థాలు మూత్రంలో బయటికొస్తాయి. జబ్బున్న పిల్లల్లో పదింట తొమ్మిది మందికి ఇవి ఎక్కువగా కనిపిస్తాయి. సూది గుచ్చే పని లేదు, బిడ్డ ఏడ్చేదీ లేదు. ఇంతకంటే సులువైన పరీక్ష ఏముంటుంది?

జపాన్‌లోని క్యోటోలో 1970ల తొలినాళ్లలో డాక్టర్లు సరిగ్గా ఇలాగే ఆలోచించారు. ఏడాది దాటాక బయటపడే న్యూరోబ్లాస్టోమా చాలాసార్లు అప్పటికే ఎముకలకు పాకి ఉంటుంది. ఏడాదిలోపు దొరికినవాళ్లు మాత్రం బాగా కోలుకుంటారు. అందుకని అందరినీ ఆరో నెలలోనే పట్టుకుంటే చాలనుకున్నారు. 1980ల నడుమకల్లా అది జాతీయ కార్యక్రమమైంది. ఫలితాలు చూసి అందరూ మురిసిపోయారు. పరీక్షలో దొరికిన పిల్లల్లో దాదాపు అందరూ బతికారు మరి.

చిక్కంతా ఆ లెక్కలోనే ఉంది. పదో తరగతిలో ఎలాగూ పాసయ్యే పిల్లల్ని ఇంకో యాభై మందిని చేర్చుకుంటే బడి పాస్ శాతం పెరుగుతుంది, ఫెయిలయ్యేవాళ్లు మాత్రం ఒక్కరూ తగ్గరు. ఇక్కడా అదే జరిగింది. పరీక్ష పట్టుకున్న గడ్డల్లో చాలావరకు చికిత్స లేకపోయినా వాటంతటవే కరిగిపోయే రకం. నిజానికి ఈ సంగతికి ముందే ఆనవాళ్లున్నాయి. 1963లోనే బెక్‌విత్, పెర్రిన్ అనే వైద్యులు, వేరే కారణాలతో చనిపోయిన మూడు నెలల్లోపు శిశువుల అడ్రినల్ గ్రంథులు పరిశీలించారు. జబ్బుగా బయటపడే సంఖ్యకు ఎన్నో రెట్లు ఎక్కువ మందిలో ఇలాంటి చిన్న గడ్డలు కనిపించాయి. మిగతా పిల్లల్లో అవన్నీ ఎటు పోతున్నట్టు? ఆ ప్రశ్న అప్పుడే గట్టిగా పట్టించుకుని ఉంటే కథ ఇంత దూరం వచ్చేది కాదేమో.

అసలు జవాబు వేరే దేశాల నుంచి వచ్చింది. కెనడాలోని క్యూబెక్‌లో 1989 నుంచి 1994 వరకు పుట్టిన పిల్లలకు మూడు వారాలప్పుడు ఒకసారి, ఆరు నెలలప్పుడు ఇంకోసారి పరీక్ష చేశారు. డైపర్‌లో ఫిల్టర్ పేపర్ పెట్టి, తడిశాక ఆరబెట్టి, పోస్టులో పంపడమే తల్లి పని. జర్మనీ 1995 నుంచి 2000 వరకు ఏడాది వయసు ప్రాంతంలో దాదాపు 15 లక్షల మందిని పరీక్షించింది. రెండు దేశాలూ పరీక్ష లేని ప్రాంతాల పిల్లలతో పోల్చి చూశాయి. జపాన్ చేయని పని ఇదే. 2002 ఏప్రిల్‌లో రెండు ఫలితాలూ ఒకే పత్రికలో ఒకేసారి అచ్చయ్యాయి. జర్మనీలో పరీక్ష జరిగినచోట లక్షకు 14 మందికి పైగా జబ్బు తేలితే, జరగనిచోట ఏడుగురికే తేలింది. మరణాలు మాత్రం రెండుచోట్లా ఇంచుమించు ఒకటే: 1.3, 1.2. ప్రాణం తీసే రకం గడ్డలు పరీక్షకు దొరకకుండా తర్వాత బయటపడ్డాయి. కరిగిపోయే గడ్డలున్న పిల్లలకేమో ఆపరేషన్లు, కీమోథెరపీలు జరిగాయి. అవసరం లేని కత్తిగాటు ఆర్నెల్ల బిడ్డ కడుపు మీద పడిందంటే దానికి లెక్క ఎక్కడ రాయాలి?

2003లో జపాన్ కార్యక్రమాన్ని ఆపేయాలని నిర్ణయించింది. 2008లో అక్కడి పరిశోధకులే, పరీక్ష జరిగిన ఏళ్లలో పుట్టిన పిల్లల్లో మరణాలు కొంత తగ్గాయని లెక్క తీశారు. అయితే ఆ కాలంలో చికిత్స కూడా మెరుగైంది కాబట్టి వాదన తెగలేదు. ఈ అనుభవం వల్ల మంచి కూడా జరిగింది. పసిపిల్లల అడ్రినల్‌లో చిన్న గడ్డ కనిపిస్తే వెంటనే కోయకుండా అల్ట్రాసౌండ్‌తో గమనిస్తూ ఉండొచ్చన్న ధైర్యం డాక్టర్లకు వచ్చింది.

ఇక మన దగ్గరికొద్దాం. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు వచ్చి పిల్లల్ని చూడాలి. మొదట పెట్టుకున్న 30 సమస్యల జాబితాలో క్యాన్సర్ లేదు. అయినా బిడ్డ బట్టలు తీసి కడుపు మీద చెయ్యి పెట్టి చూసే అవకాశం వాళ్లకుంది. పాలమూరులో చాలా కుటుంబాలు వలసపోతాయి. బృందం వచ్చిన రోజు బిడ్డ పుణెలోనో ముంబైలోనో ఉంటే ఆ అవకాశమూ పోయినట్టే. డబ్బు సంగతికొస్తే, ఆరోగ్యశ్రీ 2007లో తొలి విడతగా మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. కాబట్టి నా లెక్కలో అసలు ఆలస్యం మూత్రం సీసా దగ్గర లేదు. పొట్ట గట్టిగా తగిలితే ‘బల్ల పడింది’ అని ఆకు పసర్లు పూసే వారాల్లో, ఆర్‌ఎంపీ మళ్లీ మళ్లీ జ్వరం మందిచ్చి పంపే వారాల్లో ఉంది.

పొట్ట ఒకవైపు గట్టిగా తగలడం, దెబ్బ తగలకుండానే కళ్ల చుట్టూ కమిలిపోవడం, నడిచే పిల్ల కుంటుతూ కాలు కింద పెట్టకపోవడం, తగ్గని జ్వరంతో పాలిపోవడం కనిపిస్తే జిల్లా ఆసుపత్రిలో పిల్లల డాక్టరుకు చూపించి కడుపు స్కాన్ తీయించాలి. గడ్డ కనిపిస్తే హైదరాబాద్‌లో నిలోఫర్‌కో ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికో పంపుతారు. అప్పుడు రాసే పరీక్షల్లో మూత్రంలో వీఎంఏ కూడా ఉంటుంది. చికిత్స మొదలయ్యాక గడ్డ లొంగుతోందా, మళ్లీ తిరగబెడుతోందా అన్నది చూడటానికీ ఇదే పరీక్ష పనికొస్తుంది.