32 రోజుల తేడా: సీమ వర్సిటీల్లో ‘తాత్కాలికం’ ఎక్కడ మొదలైంది?

విశ్వవిద్యాలయాల్లో బోధనా పోస్టుల భర్తీ మాట మళ్లీ లేచింది. లేచిన ప్రతిసారీ అనంతపురం, కర్నూలు, కడప క్యాంపస్‌లలో రెండు గొంతులు వినిపిస్తాయి. ‘ఏళ్లుగా పాఠాలు చెబుతున్నాం, ముందు మమ్మల్ని రెగ్యులర్ చేసి, మిగిలిన పోస్టులకు నోటిఫికేషన్ ఇవ్వండి’ అనేది ఏడాదికోసారి పొడిగించే తాత్కాలిక నియామకాల్లో ఉన్న అకడమిక్ కన్సల్టెంట్లు, కాంట్రాక్ట్ అధ్యాపకుల మాట. ‘అన్ని పోస్టులూ బహిరంగ పోటీలో పెట్టండి, రిజర్వేషన్ రోస్టర్ ప్రకారం నింపండి’ అనేది నెట్, సెట్ అర్హత పరీక్షలు నెగ్గి, పీహెచ్‌డీ చేసి బయట ఎదురుచూస్తున్న వాళ్ల మాట. ఇద్దరూ ఎక్కువగా ఇవే జిల్లాల పిల్లలు. చాలాచోట్ల ఒకరు గురువు, మరొకరు ఆయన దగ్గరే చదివిన శిష్యుడు. వీళ్లిద్దరినీ ఎదురెదురుగా నిలబెట్టింది ఎవరన్నది తెలియాలంటే 2006 దగ్గరికి వెళ్లాలి.

అంతకుముందు చరిత్ర చాలామందికి తెలిసిందే. 1937 నవంబర్ 16 నాటి శ్రీబాగ్ ఒప్పందం అనగానే రాజధాని, హైకోర్టు, కృష్ణా జలాలు గుర్తొస్తాయి. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వాల్తేరులో ఒక కేంద్రం, అనంతపురంలో మరో కేంద్రం ఉండాలని కూడా అందులో రాసుకున్నారు. ఆ మాటను ఎవరూ పట్టించుకోలేదు. 1954లో తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం వచ్చింది. అనంతపురానికి 1968లో దక్కింది ఆ వర్సిటీ పీజీ సెంటర్ మాత్రమే. 1977లో కర్నూలుకు, కడపకు కూడా పీజీ సెంటర్లే వచ్చాయి. అనంతపురం సెంటర్ 1981 జూలై 25న శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమైంది. 1980ల చివర్లో అనంతపురం, కర్నూలు జిల్లాల కాలేజీలు దాని కిందికి చేరాయి. కర్నూలు పీజీ సెంటర్ కూడా తర్వాత ఎస్వీయూ చేతి నుంచి ఎస్కేయూ చేతికి మారింది.

అంటే సీమలో ఉన్నత విద్య మొదటినుంచీ ‘సెంటర్’గానే పెరిగింది. పీజీ సెంటర్ అంటే నాలుగైదు కోర్సులు, వాటికి సరిపడా పోస్టులు, ఒక స్పెషల్ ఆఫీసర్. యూనివర్సిటీ అంటే రిజిస్ట్రార్, పరీక్షల విభాగం, పాలకమండలి, పదుల సంఖ్యలో శాఖలు, వందలాది అనుబంధ కాలేజీల బరువు. మొదటిదాన్ని రెండోదిగా మార్చాలంటే బోర్డుతో పాటు పోస్టులూ మారాలి. తేడా వచ్చింది అక్కడే.

2006 మార్చి 9న కడప పీజీ సెంటర్ యోగి వేమన విశ్వవిద్యాలయమైంది. 2008లో కర్నూలు సెంటర్ రాయలసీమ విశ్వవిద్యాలయమైంది. అదే ఏడాది ఆగస్టు 18న జేఎన్టీయూ నుంచి విడిపోయి జేఎన్టీయూ అనంతపురం ఏర్పడింది. ఇడుపులపాయలో ఆర్జీయూకేటీ (ట్రిపుల్ ఐటీ) తరగతులు మొదలైందీ 2008లోనే. రెండున్నరేళ్లలో మూడు జిల్లాలకు మూడు విశ్వవిద్యాలయాలు, ఒక ట్రిపుల్ ఐటీ క్యాంపస్ రావడం ఈ ప్రాంతం ఎన్నడూ చూడని సంగతి. ఆ సంతోషం అబద్ధం కాదు. ఆదోని నుంచో, రాయచోటి నుంచో వచ్చే ఆడపిల్ల పీజీ కోసం తిరుపతి, హైదరాబాద్ వెళ్లాల్సిన పని తప్పింది. ఇంట్లో ‘అంత దూరం వద్దులేమ్మా’ అనే మాటకు జవాబు దొరికింది. ఆ పిల్లల చదువు తీసివేసి ఈ కథ చెప్పడం అన్యాయం.

అయితే ఆ కొత్త కోర్సుల్లో పాఠాలు చెప్పింది ఎవరు? కొన్ని రెగ్యులర్ నియామకాలు జరిగాయి, నిజమే. అవి కోర్సుల వేగానికి సరిపోలేదు. బయోటెక్నాలజీ, ఎంబీఏ, కంప్యూటర్ సైన్స్ లాంటివి చాలావరకు సెల్ఫ్ ఫైనాన్స్ పద్ధతిలో, అంటే పిల్లల ఫీజుతోనే నడిచే పద్ధతిలో మొదలయ్యాయి. వాటికి మంజూరైన పోస్టులు ఉండవు. వర్క్‌లోడ్, అంటే చెప్పాల్సిన క్లాసుల గంటలు లెక్కగట్టి, పేపర్లో ప్రకటన ఇచ్చి, ఇంటర్వ్యూ చేసి, ఒక విద్యా సంవత్సరానికని తీసుకున్నారు. అకడమిక్ కన్సల్టెంట్, కాంట్రాక్ట్ అసిస్టెంట్ ప్రొఫెసర్, టీచింగ్ అసిస్టెంట్, అడ్‌హాక్, గెస్ట్... ఒక్కో క్యాంపస్‌లో ఒక్కో పేరు. పని మాత్రం ఒకటే. పాఠం చెప్పాలి, ఇంటర్నల్స్ పెట్టాలి, పేపర్లు దిద్దాలి, వర్సిటీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ బృందం వస్తే రాత్రి పన్నెండు దాకా కూర్చుని ఫైళ్లు తయారుచేయాలి.

యోగి వేమన వర్సిటీ పుట్టిన 32 రోజులకు, 2006 ఏప్రిల్ 10న, సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఉమాదేవి కేసులో తీర్పు ఇచ్చింది. కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖలో రోజుకూలి మీద పనిచేసిన వాళ్లతో మొదలైన కేసు అది. తాత్కాలికంగా చేరినవాళ్లకు పర్మనెంట్ చేయమని అడిగే హక్కు లేదని, పబ్లిక్ ఉద్యోగం బహిరంగ ప్రకటన, పోటీ ద్వారానే ఇవ్వాలని ధర్మాసనం తేల్చిచెప్పింది. ఒక్క మినహాయింపు ఇచ్చింది. మంజూరైన పోస్టుల్లో, అర్హతలు ఉండి, కోర్టు ఉత్తర్వుల అండ లేకుండా పదేళ్లు పైబడి పనిచేసినవాళ్లను ఒకే ఒక్కసారి క్రమబద్ధీకరించవచ్చంది.

ఆ రోజుకు కడపలో కొత్త వర్సిటీ వయసు నెల దాటి ఒక్కరోజు. కర్నూలులో వర్సిటీ ఇంకా పుట్టనే లేదు. పదేళ్ల సర్వీసు ఎక్కడినుంచి వస్తుంది? పాత విశ్వవిద్యాలయాల్లో అంతకుముందు తాత్కాలికంగా చేరినవాళ్లకు ఏదో ఒక దారి దొరుకుతూ వచ్చింది. 1994లో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం 212 నంబరు జీవో ఇచ్చి, 1993 నవంబర్ 25 నాటికి అయిదేళ్లు పూర్తిచేసిన తాత్కాలిక ఉద్యోగులకు తలుపు తెరిచింది. అదే ఏడాది తెచ్చిన 2వ నంబరు చట్టంతో ఇకపై అలాంటి నియామకాలే వద్దని నిషేధించింది. అంటే తలుపు మూసుకుపోయిందని ప్రభుత్వానికి పన్నెండేళ్ల ముందే తెలుసు. సుప్రీంకోర్టు దానికి గట్టిగా గడియ పెట్టింది. అయినా ఆ తర్వాత రెండేళ్లలోనే, పోస్టుల బలం పూర్తిగా ఇవ్వకుండా, ఇన్ని వర్సిటీలను తాత్కాలిక సిబ్బంది భుజాల మీద నిలబెట్టారు. ఈ రోజు క్యాంపస్‌లలో వినిపిస్తున్న రెండు గొంతులకూ మూలం ఇదే. కన్సల్టెంట్లు దొడ్డిదారిన వచ్చారనేవాళ్లు, ఆ రోజుల్లో ముందు దారి తెరిచి ఉందా అన్నది ఒకసారి ఆలోచించాలి.

డబ్బు సంగతి కూడా ఇందులో కలిసే ఉంది. రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే బ్లాక్ గ్రాంటులో సింహభాగం జీతాలకు, పింఛన్లకే పోతుంది. పైఖర్చులకు వర్సిటీలకు మిగిలే ఆదాయం అనుబంధ కాలేజీల అఫిలియేషన్ ఫీజులు, పరీక్ష ఫీజులు. కర్నూలు జిల్లా కాలేజీలు కొత్త వర్సిటీకి వెళ్లాక ఎస్కేయూ పరిధి ఒక్క అనంతపురానికి కుదించుకుపోయింది. పింఛన్ల భారం మాత్రం అక్కడే ఉండిపోయింది. కర్నూలుకు కాలేజీలు దక్కాయి గానీ వెనక నిధి లేదు. తర్వాత ఆ ఊళ్లోనే సిల్వర్ జూబిలీ, కేవీఆర్ మహిళా, పురుషుల ప్రభుత్వ కాలేజీలను కలిపి క్లస్టర్ యూనివర్సిటీ చేశారు. 2016లో డాక్టర్ అబ్దుల్ హక్ ఉర్దూ విశ్వవిద్యాలయం వచ్చింది. ఒకే ఊళ్లో మూడు రాష్ట్ర వర్సిటీలు, మూడుచోట్లా అధ్యాపకుల కొరత.

2020 డిసెంబర్ నాటి 77వ నంబరు జీవో ఇంకో దెబ్బ. ప్రైవేటు కాలేజీల్లో పీజీ చేరేవాళ్లకు ఫీజు రీయింబర్స్‌మెంట్ ఆపేశారు. పల్లెల నుంచి ఆ కాలేజీలకు వెళ్లే పేద పిల్లల్లో చాలామంది పీజీ మాటే మానుకున్నారు. ఆ కాలేజీల్లో పీజీ పిల్లలు తగ్గితే వర్సిటీకి వచ్చే ఫీజుల ఆదాయం తగ్గుతుంది. ఆదాయం తగ్గితే మొదట ఆగేది కన్సల్టెంట్ రెన్యువల్. ఇక్కడ చదువుకూ ఉద్యోగానికీ మధ్య దూరం అంతే.

ఈలోగా రెగ్యులర్ అధ్యాపకులు ఖాళీ అవుతూ వచ్చారు. ఎస్కేయూలో 1980ల్లో చేరిన తరం 2010ల్లో ఒక్కొక్కరుగా రిటైరైంది. ఆ కుర్చీల్లో కొత్తవాళ్లను కూర్చోబెట్టడానికి 2017-18లో జరిగిన ప్రయత్నం కోర్టు కేసుల్లో ఆగింది. 2023 చివర్లో 18 విశ్వవిద్యాలయాలకు కలిపి 3,220 పోస్టులు ప్రకటించారు. అందులో 418 ప్రొఫెసర్, 801 అసోసియేట్ ప్రొఫెసర్ పోస్టులు, మిగిలినవి అసిస్టెంట్ ప్రొఫెసర్, ట్రిపుల్ ఐటీ లెక్చరర్ పోస్టులు. పోస్టుల హేతుబద్ధీకరణ (ఏ శాఖకు ఎన్ని పోస్టులన్న సర్దుబాటు), రోస్టర్ మీద అభ్యంతరాలతో అదీ హైకోర్టు మెట్లెక్కి నిలిచిపోయింది. దానికి కొన్ని వారాల ముందే, 2014 జూన్ 2కు ముందు చేరిన కాంట్రాక్ట్ ఉద్యోగుల క్రమబద్ధీకరణకు శాసనసభ చట్టం చేసింది. ఆ చట్టం తమకూ వర్తింపజేయాలని వర్సిటీల కాంట్రాక్ట్ అధ్యాపకులు అడుగుతూనే ఉన్నారు. ఒకే ప్రభుత్వం, ఒకే సీజన్‌లో, ఒక చేత్తో క్రమబద్ధీకరణ, ఇంకో చేత్తో నోటిఫికేషన్ చూపింది. రెండు వర్గాలూ ఎదురెదురుగా వచ్చి నిలబడ్డది ఆ సీజన్‌లోనే.

నిరుద్యోగుల వాదనను కొట్టిపారేయలేం. పదిహేనేళ్లుగా సరైన నోటిఫికేషన్ లేక వయసు కరిగిపోతున్నవాళ్లు వాళ్లు. తాత్కాలిక నియామకాల్లో రిజర్వేషన్ రోస్టర్ అన్నిచోట్లా పాటించలేదన్న వాళ్ల ఫిర్యాదులో నిజముంది. దళిత, బీసీ పరిశోధకులు ఆ మాట అడిగినప్పుడు సమాధానం చెప్పాల్సిన బాధ్యత వర్సిటీలది.

కానీ లోపల ఉన్నవాళ్ల బతుకును దగ్గర్నుంచి చూస్తే ఈ వాదన ఇంత సులువుగా ముగియదు. ఈ మూడు జిల్లాల్లోని ఓ క్యాంపస్‌లో పాఠం చెప్పే ఒకాయన తన రెన్యువల్ ఉత్తర్వులన్నీ పచ్చటి ప్లాస్టిక్ ఫైల్లో దాచుకున్నారు. నా ముందు టేబుల్ మీద వరసగా పరిచారు. పాత కాగితాల అంచులు పసుపెక్కాయి. స్టాపిల్ పిన్నుల తుప్పు ఒక కాగితం నుంచి ఇంకో కాగితానికి అంటుకుంది. అన్నింటిలోనూ చివరి పేరా ఒకటే: ఇది పూర్తిగా తాత్కాలికం, ఎలాంటి ముందస్తు నోటీసు లేకుండా తొలగించవచ్చు, దీని ఆధారంగా ఏ హక్కూ అడగరాదు. ఒక్కో ఉత్తర్వుకూ తర్వాతి ఉత్తర్వుకూ మధ్య ఒకట్రెండు రోజుల ఖాళీ ఉంది. వాళ్ల భాషలో దాన్ని ‘బ్రేక్’ అంటారు. ‘ఆ రోజుల్లో కూడా క్లాసుకు పోయినా సార్, సిలబస్ ఆగదు కదా’ అన్నారాయన. ‘మా పాప పుట్టినప్పుడు చేరితిని. ఇప్పుడు పాప డిగ్రీ చదువుతాంది.’

చట్టం కూడా ఒకచోటే నిలబడి లేదు. కాంట్రాక్ట్ అధ్యాపకులు మొత్తం పోస్టుల్లో పది శాతం మించరాదని, వాళ్ల జీతం రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ నెల జీతానికి తగ్గరాదని యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) 2018 నిబంధనల్లోనే ఉంది. ఆ నిబంధనను పాటించి ఉంటే ఈ గొడవే ఉండేది కాదు. 2025 జనవరిలో యూజీసీ విడుదల చేసిన ముసాయిదాలో మాత్రం ఆ పది శాతం పరిమితిని ఎత్తేసింది. మరోవైపు 2024 డిసెంబర్ 20న జగ్గో కేసులో సుప్రీంకోర్టు, దశాబ్దాలపాటు పనిచేయించుకున్నవాళ్లను గెంటేయడానికి ఉమాదేవి తీర్పును ఆయుధంగా వాడరాదని హెచ్చరించింది. 2025 ఆగస్టులో గుజరాత్ కాంట్రాక్ట్ అసిస్టెంట్ ప్రొఫెసర్ల కేసులో, నెలకు 30,000 రూపాయలతో అధ్యాపకులను నెట్టుకురావడాన్ని తప్పుపట్టి, కనీస స్కేలు ఇవ్వాలని చెప్పింది. రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ మూలవేతనమే 57,700 రూపాయలతో మొదలవుతుంది.

ఈసారి నోటిఫికేషన్ వస్తే లోపలివాళ్లూ దరఖాస్తు చేస్తారు. ‘అనుభవం ఉంది కదా, పోటీలో నెగ్గుకు రండి’ అని అధికారులు చెప్పే మాట వినడానికి బాగానే ఉంటుంది. అదే యూజీసీ నిబంధనల్లో, పాత సర్వీసును లెక్కించే క్లాజు ఒకటుంది. తాత్కాలిక సర్వీసును అనుభవంగా లెక్కించాలంటే, ఆ కాలంలో తీసుకున్న మొత్తం జీతం రెగ్యులర్ అసిస్టెంట్ ప్రొఫెసర్ నెల జీతానికి తక్కువ కాకూడదు. జీతం తక్కువిచ్చింది వర్సిటీ. ఆ కారణంతో సర్వీసు లెక్కలోంచి పోయేది పాఠం చెప్పినవాళ్లది.

పచ్చ ఫైలు పెద్దాయన ఆ క్లాజు దగ్గర పెన్సిల్‌తో గీత పెట్టుకున్నారు. అసోసియేట్ ప్రొఫెసర్ పోస్టుకు దరఖాస్తు చేయాలా, ఇన్నేళ్ల తర్వాత మళ్లీ అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా తన విద్యార్థి పక్కన ఇంటర్వ్యూకి కూర్చోవాలా అన్నది ఆయన ఇంకా తేల్చుకోలేదు. మాట్లాడుతుండగానే మధ్యాహ్నం రెండు గంటల క్లాసుకు బెల్లు మోగింది. ఉత్తర్వులన్నీ తేదీల వరసలో సర్ది ఫైల్లో పెట్టుకుని, అటెండెన్స్ రిజిస్టర్ చంకన పెట్టుకుని వెళ్లిపోయారు.