రాత్రి పదింటి బ్యాకప్‌కి అడ్మిన్ హక్కులు ఎందుకు?

తణుకులో రైస్ మిల్లు ఆఫీసైనా, భీమవరంలో రొయ్యల మేత అమ్మే కొట్టయినా, లెక్కలు రాసే కంప్యూటర్‌లో ఒక చిన్న బ్యాచ్ ఫైలు (కమాండ్లు వరుసగా రాసిపెట్టిన స్క్రిప్టు) ఉండడం మామూలే. రాత్రి పదింటికి ట్యాలీ డేటా ఫోల్డర్‌ను పక్క డిస్కులోకో, ఇంకో కంప్యూటర్‌లోకో కాపీ చేయడం దాని పని. ఒక ఫోల్డర్ చదివి మరో ఫోల్డర్‌లో రాయడానికి అడ్మినిస్ట్రేటర్ హక్కులు అక్కర్లేదు. అయినా పనులను వేళకు నడిపే విండోస్ టాస్క్ షెడ్యూలర్ తెరిచి చూస్తే 'రన్ విత్ హైయెస్ట్ ప్రివిలేజెస్' దగ్గర టిక్కు, ఖాతా దగ్గర 'సిస్టమ్' (విండోస్ తన పనులకు వాడుకునే, పెద్ద హక్కులున్న ఖాతా) కనిపిస్తాయి. ఎందుకని అడిగితే 'అలా పెడితే ఏ గొడవా ఉండదండీ' అన్న జవాబే వస్తుంది.

డాస్ రోజుల్లో హక్కుల ఊసే లేదు. 1981 నాటి డాస్‌లోగానీ, ఆ తర్వాత విండోస్ 95, 98లలోగానీ కీబోర్డు ముందు కూర్చున్నవాడిదే కంప్యూటర్. యూనిక్స్‌లో అప్పటికే రూట్ (అన్ని హక్కులూ ఉన్న ఖాతా) వేరు, మామూలు యూజర్ వేరు. 1980 ప్రాంతంలో అమెరికాలోని బఫెలోలో బాబ్ కాగ్‌షాల్, క్లిఫ్ స్పెన్సర్ రాసిన 'సుడో' అనే కమాండు ఆ రెంటి మధ్య దారి వేసింది. మైక్రోసాఫ్ట్ 1993లో విండోస్ ఎన్‌టీతో ఖాతాలను విడదీసింది గానీ, మన కొట్ల దాకా అది చేరింది 2001 తర్వాత, ఎక్స్‌పీ రూపంలో. ఆ ఎక్స్‌పీ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పెట్టిన యూజర్లందరికీ అడ్మిన్ హక్కులే. దాంతో సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు కూడా అందరూ అడ్మిన్లే అనుకుని, డేటాను నేరుగా ప్రోగ్రామ్ ఫైల్స్‌లో రాసేశారు. అసలు చిక్కు ఇక్కడే మొదలైంది.

2007 జనవరిలో మార్కెట్లోకి వచ్చిన విస్టా ఆ తలుపు మూసింది. యూఏసీ (అడ్మిన్ హక్కులు ఇచ్చేముందు కిటికీ చూపించి అనుమతి అడిగే ఏర్పాటు) వచ్చాక అడ్మిన్ లాగిన్ అయినా విండోస్ రెండు టోకెన్లు (హక్కుల చీటీల్లాంటివి) తయారుచేస్తుంది: ఒకటి మామూలు పనులకు, రెండోది 'ఎస్' నొక్కాక మాత్రమే. పాత సాఫ్ట్‌వేర్ ఆగిపోకుండా ఇంకో ఏర్పాటూ చేసింది. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో రాయబోయిన పాత ప్రోగ్రాముల రాతలను యూజర్ ఫోల్డర్ లోపలి 'వర్చువల్‌స్టోర్'కి మళ్లిస్తుంది. గుమస్తా ప్రోగ్రాము మామూలుగా తెరిచి రోజంతా బిల్లులు కొడితే అవి అక్కడికి చేరతాయి. రాత్రి అడ్మిన్‌గా నడిచిన స్క్రిప్టు మాత్రం అసలు ప్రోగ్రామ్ ఫైల్స్‌నే కాపీ చేస్తుంది. బ్యాకప్ ప్రతి రాత్రీ విజయవంతమే, లోపల ఉన్నది ఎప్పటివో పాత లెక్కలు! ఇలాంటి సాఫ్ట్‌వేర్ ఉంటే డేటా దారిని వేరే ఫోల్డర్‌కి మార్చడమే మందు.

రెండు టోకెన్ల వల్ల వచ్చిన మరో చిక్కు డ్రైవ్ అక్షరాలది. మిల్లు సర్వర్‌లోని ఫోల్డర్ జెడ్ డ్రైవ్‌గా కనిపిస్తుంటుంది. 'రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్' అనగానే స్క్రిప్టుకు జెడ్ కనిపించదు. డ్రైవ్ మ్యాపింగ్ లాగిన్ సెషన్‌కు కట్టుబడి ఉంటుంది, అడ్మిన్ టోకెన్‌ది వేరే సెషన్. రెండు బ్యాక్‌స్లాష్‌లతో మొదలయ్యే పూర్తి నెట్‌వర్క్ దారి రాస్తే ఇది తీరుతుంది. కానీ టాస్కును సిస్టమ్ ఖాతాతో నడిపితే మళ్లీ అడ్డం పడుతుంది. డొమైన్ (అన్ని కంప్యూటర్ల ఖాతాలనూ ఒకే చోట చూసుకునే ఏర్పాటు) లేని చిన్న ఆఫీసులో సిస్టమ్ ఖాతా పక్క కంప్యూటర్‌కు ఎవరో తెలియదు, 'యాక్సెస్ డినైడ్' అంటుంది. రెండు కంప్యూటర్లలోనూ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్‌తో బ్యాకప్ కోసమే ఒక మామూలు యూజర్‌ని పెట్టి టాస్కును ఆ పేరుతో నడపాలి. 'డు నాట్ స్టోర్ పాస్‌వర్డ్' దగ్గర టిక్కు ఉండకూడదు. ఉంటే నెట్‌వర్క్ అందదు.

అన్నిటికంటే ప్రమాదకరమైనది స్క్రిప్టు ఉన్న చోటు. చాలామంది సి డ్రైవ్‌లో నేరుగా 'బ్యాకప్' అని ఫోల్డర్ తెరిచి అందులో పెడతారు. సి డ్రైవ్ మొదట్లో కొత్తగా తెరిచిన ఫోల్డర్‌కు 'అథెంటికేటెడ్ యూజర్స్' అందరికీ మార్చే హక్కు దానంతటదే వస్తుంది. అంటే కౌంటర్‌లో హక్కులు లేని ఖాతాతో కూర్చున్నవాడు నోట్‌ప్యాడ్‌లో ఆ ఫైలు తెరిచి ఒక్క వరుస చేరిస్తే, రాత్రి పదింటికి అది సిస్టమ్ హోదాలో నడుస్తుంది. ఆ ఖాతాలో చొరబడిన వైరస్‌కూ అంతే. స్క్రిప్టును ప్రోగ్రామ్ ఫైల్స్ కింద ఒక ఫోల్డర్‌లో పెడితే మామూలు యూజర్లు చదవగలరు, మార్చలేరు. స్క్రిప్టు పిలిచే ప్రతి ప్రోగ్రాముకూ ఇదే జాగ్రత్త కావాలి.

హక్కులు పెరిగినకొద్దీ చిన్న తప్పు కూడా పెద్దదవుతుంది. 'స్టార్ట్ ఇన్' గడి ఖాళీగా వదిలేస్తే టాస్కు సిస్టమ్32 ఫోల్డర్‌లో మొదలవుతుంది. పాత కాపీలు తుడిచే వరుసలో పూర్తి దారి లేకపోతే తుడిచేది అక్కడే. విండోస్ సొంత ఫైళ్లకు చాలామట్టుకు రక్షణ ఉంటుంది గానీ, ఇతర కంపెనీల సాఫ్ట్‌వేర్ అక్కడ వేసిన ఫైళ్లకు అది ఉండదు. ఆ గడిలో ఫోల్డర్ దారి రాయాలి, కొటేషన్ గుర్తులు పెట్టకూడదు. స్క్రిప్టులో ఫోల్డర్ మారే వరుస విఫలమైతే అక్కడే ఆగిపోయేలా రాయాలి.

కాపీకి విండోస్‌లోని రోబోకాపీ కమాండు వాడితే ఇంకో రెండు సంగతులు. ఫైలు తెరిచి ఉండి కాపీ కాకపోతే అది 30 సెకన్ల చొప్పున ఆగుతూ 10 లక్షల సార్లు ప్రయత్నిస్తుంది. ట్యాలీ మూయకుండా ఇంటికెళ్తే తెల్లారేదాకా అక్కడే ఉంటుంది. ప్రయత్నాలు 3కి, విరామం 5 సెకన్లకు తగ్గించాలి. రెండోది, అది ఇచ్చే ఫలితపు అంకె 8 కంటే తక్కువైతే మొత్తంగా విఫలమైనట్టు కాదు. 1 వచ్చిందంటే ఫైళ్లు చక్కగా కాపీ అయ్యాయని.

వాయుగుండం పట్టి కోనసీమలో కరెంటు పోయిన రాత్రులు బ్యాకప్ ఆగిపోతే హక్కులను అనుమానిస్తారు. టాస్క్ షెడ్యూలర్ కండిషన్స్‌లో ఏసీ పవర్ ఉంటేనే మొదలుపెట్టాలన్న టిక్కు ముందే ఉంటుంది. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద ఉంటే టాస్కు కదలదు. యూఎస్‌బీ కేబుల్‌తో కలిపిన యూపీఎస్‌ను కూడా విండోస్ బ్యాటరీగానే లెక్కిస్తుంది. ఆ టిక్కు తీసి, సెట్టింగ్స్‌లో తప్పిన టాస్కును వీలైనంత త్వరగా నడపమనే టిక్కు పెట్టాలి.

చేతులు మారుతూ వచ్చిన పాత స్క్రిప్టుల మొదట్లో ఒక ముక్క కనిపిస్తుంది. 'నెట్ సెషన్' కమాండుతో అడ్మినా కాదా అని చూసి, కాకపోతే టెంప్ ఫోల్డర్‌లో చిన్న వీబీస్క్రిప్ట్ (మైక్రోసాఫ్ట్ పాత స్క్రిప్టు భాష) ఫైలు రాసి, దాని ద్వారా తనను తాను అడ్మిన్‌గా మళ్లీ తెరుచుకుంటుంది. కంప్యూటర్‌లో 'సర్వర్' సర్వీసు ఆపి ఉంటే నెట్ సెషన్ అడ్మిన్‌కు కూడా విఫలమవుతుంది. అప్పుడు 'ఎస్' నొక్కినకొద్దీ అదే కిటికీ తెరుచుకుంటూనే ఉంటుంది. పైగా 2023 అక్టోబరులో మైక్రోసాఫ్ట్ వీబీస్క్రిప్ట్‌ను వదిలించుకునే జాబితాలో చేర్చింది. 2027 ప్రాంతంలో డిఫాల్ట్‌గా ఆపేస్తామంది. విండోస్ 11 24హెచ్2 వెర్షన్‌లో వచ్చిన సుడో దీనికి బదులు కాదు, అదీ యూఏసీ కిటికీ చూపించి మనిషి 'ఎస్' అనేదాకా ఆగుతుంది. ఆ ముక్క తీసేసి, అడ్మిన్ నిజంగా కావాల్సిన పని, ఉదాహరణకు ఏదైనా సర్వీసు ఆపి మళ్లీ మొదలుపెట్టడం, ఒక్కదాన్నే వేరే టాస్కుగా పెట్టి, కాపీ పనిని మామూలు యూజర్ పేరు మీదికి మార్చాలి.