బ్లడ్ క్యాన్సర్: ఆలస్యం చేయించే అపోహలు

పిల్లల బ్లడ్ క్యాన్సర్ వార్డులో నర్సుగా పనిచేస్తున్నాను. రోగం పేరు విన్న రోజు అమ్మానాన్నలు అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు. అంటుకుంటుందా సిస్టర్? మా వంశంలో ఎవరికీ లేదే, ఎలా వచ్చింది? కడుపుతో ఉన్నప్పుడు గ్రహణం చూశాను, అందుకేనా?

అంటుకోదు. ఒకే కంచంలో తిన్నా, పక్కలో పడుకోబెట్టుకున్నా రాదు. వంశంలో ఎవరికీ లేకుండానే ఎక్కువమందికి వస్తుంది. గ్రహణానికీ దీనికీ సంబంధం లేదు, తల్లి తప్పేమీ లేదు. రక్తకణాలు తయారయ్యేది ఎముకల్లోని మూలుగలో. అక్కడ ఒక కణం చెడిపోయి, పనికిరాని లేత కణాలను అదుపు లేకుండా పుట్టిస్తుంది. మంచి కణాలకు చోటుండదు. ఎర్రకణాలు తగ్గి పిల్లలు పాలిపోతారు, ప్లేట్‌లెట్లు తగ్గి ఒంటిమీద కమిలినట్టు మచ్చలొస్తాయి, జ్వరం విడవదు, కాళ్లు నొప్పులంటారు. ఆ నొప్పులు కీళ్లవాతమనుకుని స్టెరాయిడ్ ఇంజెక్షన్లు చేయించుకుని వచ్చినవాళ్లను చూశాను. నొప్పి తగ్గుతుంది, రోగం కొన్నాళ్లు దాక్కుంటుంది, తర్వాత పరీక్షలో సరిగ్గా దొరకదు. స్టెరాయిడ్ ఇచ్చేముందు రక్తకణాలు లెక్కపెట్టే సీబీపీ పరీక్ష ఒక్కటి చేయించమని అడగండి.

ఈ ప్రశ్నలకు రెండు నిమిషాల్లో జవాబు చెప్పేయొచ్చు. ప్రాణం మీదికి తెచ్చేవి వేరే ఉన్నాయి.

అపోహ: కీమో తర్వాత జ్వరం మామూలే. పారాసిటమాల్ వేసి పొద్దున చూద్దాం.

ఈ ఒక్క మాటకు నేను భయపడ్డంతగా ఇంకేదానికీ భయపడను. కీమో ఇచ్చిన వారం పది రోజులకు తెల్లకణాలు బాగా పడిపోతాయి. అప్పుడు ఇన్ఫెక్షన్ సోకినా చీము కనపడదు, ఎందుకంటే చీము పట్టడానికి కూడా తెల్లకణాలు ఉండాలి. బయటికి తెలిసేది జ్వరం ఒక్కటే. పారాసిటమాల్ ఆ ఒక్క గుర్తునూ చెరిపేస్తుంది. 100.4 ఫారెన్‌హీట్ దాటితే రాత్రి రెండయినా ఫోన్ చేసి బయల్దేరాలి. వచ్చిన గంటలోపు సెలైన్‌తో పాటు యాంటీబయాటిక్ ఎక్కాలి. దారిలో ఊరి డాక్టరు దగ్గర కండకు ఇంజెక్షన్ చేయించొద్దు, ప్లేట్‌లెట్లు లేనప్పుడు రక్తం ఆగక కండలోపలే కారి గడ్డలా పేరుకుంటుంది.

ఒక తల్లి తెల్లవారుజామున పాలవ్యాను బతిమాలి ఎక్కి వచ్చింది. థర్మామీటరు కొంగున ముడేసుకుని ఉంది. ముడి విప్పి చూపిస్తూ, "101 సిస్టర్, ఏ మందూ వెయ్యలేదు" అంది. బాబు చేతులు అప్పటికే చల్లబడుతున్నాయి. ఇంకో రెండు గంటలు ఆగి ఉంటే ఏమయ్యేదో తలచుకోవడం నాకిష్టం లేదు. వాడు నాలుగో రోజు లేచి ఇడ్లీ అడిగాడు.

అపోహ: ప్లేట్‌లెట్లు తగ్గితే బొప్పాయి ఆకు రసం పట్టాలి.

డెంగ్యూ రోజుల్నుంచి వచ్చిన అలవాటిది. ఇక్కడ ప్లేట్‌లెట్లు తయారుచేసే మూలుగే ఆగిపోయింది, ఆకురసం దాన్ని నడిపించలేదు. ఆ చేదుకు వాంతులై పిల్లాడు తిన్నదీ పోతుంది. మామూలుగా లక్షన్నర నుంచి నాలుగున్నర లక్షలుండాలి. పదివేల లోపుకు పడితే రక్తం కారకపోయినా ఎక్కిస్తాం. ఆ సంచి ఎర్రగా ఉండదు, పలచని పసుపునీళ్లలా ఉంటుంది. బ్లడ్ బ్యాంకులో దాన్ని యంత్రం ఊయలలా రాత్రీపగలూ ఊపుతూనే ఉంటుంది. అలా ఉంచినా ఐదు రోజులే నిలవ. అందుకే ముందే తెచ్చి పెట్టుకోలేం, పండగ వారాల్లో వెతుక్కుంటాం. సాయం చేయాలనుకునేవాళ్లు ఏ రోజు కావాలో వార్డును అడిగి రండి. యంత్రం మీద ఇస్తే గంట, గంటన్నర పని, మీ ఎర్రకణాలు మీకే తిరిగి ఎక్కుతాయి.

అపోహ: రక్తం సొంతవాళ్లదైతేనే మంచిది.

తండ్రులకు ఇది చెప్పడం కష్టంగా ఉంటుంది, చేయి చాపి నిలబడి ఉంటారు. కానీ రేపు మూలుగ మార్పిడి అవసరమైతే దాత ఇంట్లోవాళ్లే కావచ్చు. ఒకే తల్లిదండ్రుల పిల్లల్లో మూలుగ పూర్తిగా సరిపోయే అవకాశం నాలుగింట ఒకటి. ముందే వాళ్ల రక్తం ఎక్కిస్తే పిల్లాడి ఒళ్లు దాన్ని తిప్పికొట్టడం నేర్చుకుంటుంది. దగ్గరి బంధువుల తెల్లకణాలు పిల్లాడి ఒంట్లో నిలిచిపోయి ఎదురుతిరిగే ప్రమాదం కూడా ఉంది. రక్తం స్నేహితులు, ఇరుగుపొరుగు ఇవ్వనివ్వండి.

నడుములో సూది వేస్తే కాళ్లు పడిపోతాయన్నది కూడా అపోహే. మెదడు చుట్టూ ఉండే నీటిలోకి నరానికి ఎక్కించే మందు సరిగ్గా చేరదు, రోగం అక్కడ దాక్కోకుండా ఆ సూది వేస్తాం. ఒకటి రెండు రోజులు తలనొప్పి రావచ్చు. పథ్యం పేరుతో గుడ్డు, మాంసం మాన్పించొద్దు. బాగా ఉడికించి వేడివేడిగా పెట్టండి, పచ్చివీ బయటివీ వద్దు.

అపోహ: జుట్టు వచ్చింది, బాగా తింటున్నాడు. ఇక మందులెందుకు?

పిల్లల్లో ఎక్కువగా వచ్చే ఏఎల్ఎల్ రకం చాలామందిలో మొదటి నెలలోనే మైక్రోస్కోపుకు కనపడకుండా పోతుంది. అప్పటికింకా కోట్ల కణాలు మిగిలి ఉండొచ్చు. అందుకే వైద్యం రెండు, రెండున్నరేళ్లు సాగుతుంది. పూర్తిగా జరిగితే ధనిక దేశాల్లో నూటికి తొంభైమంది దాకా బతుకుతున్నారు. మన దగ్గర అంతమంది దక్కకపోవడానికి ఇన్ఫెక్షన్లు, మధ్యలో మానేయడం పెద్ద కారణాలు. మానేసేవాళ్లను నిందించలేను. తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఏపీలో ఎన్టీఆర్ వైద్య సేవ వైద్యం ఖర్చు భరిస్తాయి గానీ బస్సు ఛార్జీలు, గది అద్దె, పోయిన కూలి ఎవరిస్తారు? పలకరింపుకు పళ్లు తెచ్చేవాళ్లు ఆ డబ్బు చేతిలో పెడితే ఒక పిల్లాడి తర్వాతి కీమో తప్పకుండా ఉంటుంది. పెద్దవాళ్లలో సీఎంఎల్ రకానికి 2001 నుంచి ఇమాటినిబ్ మాత్ర ఉంది, రోజూ వేసుకుంటూ ఏళ్ల తరబడి పనికి వెళ్తున్నారు. అదీ డాక్టరు చెప్పకుండా ఆపకూడదు.

ఇంకొకటి, మెథోట్రెక్సేట్ అనే కీమో మాత్ర వారానికి ఒక్కరోజే. రోజూ వేస్తే విషం. గోడ క్యాలెండరులో ఆ ఒక్క రోజును ఎర్రసిరాతో చుట్టి పెట్టమని అందరికీ చెబుతాను.

డాక్టరు సరేనన్నాక బడికి పంపొచ్చు. టీచర్లకు ఒక్క విన్నపం. క్లాసులో ఎవరికైనా ఆటలమ్మ పోస్తే అదేరోజు చెప్పండి, ఈ పిల్లలకది ఊపిరితిత్తుల దాకా పాకుతుంది. మొన్నామధ్య ఒక టీచరమ్మ మధ్యాహ్నం బెల్లు కొట్టకముందే మా వార్డుకు ఫోన్ చేసింది. "మీ వాడి పక్కన కూర్చునే పిల్లకు ఒంటినిండా పొక్కులు, ఏం చేయమంటారు సిస్టర్?" సాయంత్రానికల్లా వాడికి మందు మొదలైంది.