‘ఆల్’ అంటే అన్నీ కాదు: లైనక్స్ నెట్‌వర్క్ సెట్టింగుల్లో అపోహలు - వాస్తవాలు

బెంగళూరులో సర్వర్లు చూసుకోవడం నా పని. మారతహళ్లిలో మా పీజీలో సగం మంది మనవాళ్లే. కొత్తగా లైనక్స్ టీముల్లో చేరిన తమ్ముళ్లు రాత్రి భోజనాల దగ్గర అనే మాటలివి.

అపోహ: “ఆల్ కింద సున్నా పెట్టేశానన్నా, ఇక అన్ని కార్డులకూ ఆగిపోయినట్టే.”

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. లైనక్స్‌లో ఈ సెట్టింగులు ‘ఆల్’ పేరిట ఒకచోట, ఒక్కో నెట్‌వర్క్ కార్డు (ఇంటర్‌ఫేస్) పేరిట విడిగా ఇంకోచోట ఉంటాయి. ఫార్వర్డింగ్ లేని, అంటే ఇతరుల ప్యాకెట్లను ముందుకు పంపని సర్వర్‌లో ఐసీఎంపీ రీడైరెక్ట్‌లు (‘ఈ దారిలో పంపు’ అని రూటర్ పంపే సందేశాలు) ఆపాలంటే ‘ఆల్’లోనూ, ఆ ఇంటర్‌ఫేస్‌లోనూ సున్నా ఉండాలి. ఏ ఒక్కచోట 1 ఉన్నా కెర్నల్ వాటిని నమ్ముతుంది. సోర్స్ రూటింగ్‌కు (ప్యాకెట్ దారిని పంపినవాడే నిర్ణయించడం) లెక్క తిరగబడుతుంది, రెండుచోట్లా 1 ఉంటేనే అనుమతి. ప్యాకెట్ సరైన కార్డు నుంచే వచ్చిందా అని పంపినవాడి చిరునామాను బట్టి చూసే ఆర్‌పీ ఫిల్టర్‌కైతే రెండింట్లో పెద్ద అంకెదే రాజ్యం.

ఆ చివరిదాని వల్ల నేనే ఒకసారి టెన్షన్ పడ్డాను. రెండు కార్డుల సర్వర్‌లో ఒకదాని నుంచి వచ్చిన ప్యాకెట్‌కు జవాబు వెళ్లే దారి రెండోది. ‘ఆల్’లో 0 పెట్టాం, కార్డులో 1 అలాగే ఉంది. ప్యాకెట్లను చూపే టీసీపీడంప్ టూల్‌లో అవి వస్తూ కనబడుతున్నాయి, జవాబు మాత్రం లేదు. ఫైర్‌వాల్ రూల్స్ అన్నీ తిరగేశాం. చిరునామా పొసగని ప్యాకెట్లను లాగ్‌లో రాసే ‘లాగ్ మార్షియన్స్’ సెట్టింగ్ ఆన్ చేశాక ‘మార్షియన్ సోర్స్’ అంటూ లాగ్‌లో వరసగా లైన్లు పడ్డాయి. ఆ కార్డుకు 2, అంటే పంపినవాడికి ఏ కార్డు ద్వారా దారి ఉన్నా చాలనే లూజ్ మోడ్, ఇవ్వగానే జవాబులు వెళ్లాయి. ఫిల్టర్‌ను పూర్తిగా తీసేయడం కంటే అదే మేలు.

అపోహ: “సెట్టింగ్ మార్చే సిస్‌సీటీఎల్ కమాండ్ కొట్టాను, పని అయిపోయింది.”

రీబూట్ చేస్తే పోతుంది. ఈటీసీలోని సిస్‌సీటీఎల్ డాట్ డీ (/etc/sysctl.d) ఫోల్డర్‌లో ఫైల్ రాయండి. ఒకే సెట్టింగ్ రెండు ఫైళ్లలో ఉంటే పేరు వరసలో చివర వచ్చేదే నెగ్గుతుంది. మన ఫైల్ పేరును 99తో మొదలుపెట్టేది అందుకే. లోడ్ చేశాక ఒక్కో ఇంటర్‌ఫేస్ విలువనూ కళ్లారా చూసుకోండి.

అపోహ: “పింగ్ ఆపితే సర్వర్ ఎవరికీ కనబడదు.”

పోర్ట్ తెరిచి ఉంటే స్కాన్‌లో కనబడుతుంది. పైగా ఫైర్‌వాల్‌లో పింగ్ వాడే ఐసీఎంపీ మొత్తం మూసేస్తే దారిలో ఎంత సైజు ప్యాకెట్ పడుతుందో మన సర్వర్‌కు తెలియదు. చిన్న పేజీలు తెరుచుకుంటాయి, పెద్ద ఫైళ్లు మధ్యలో వేలాడతాయి.

అపోహ: “సిన్ కుకీలు 2లో పెడితే రక్షణ రెట్టింపు.”

సిన్ కుకీలంటే కొత్త కనెక్షన్ల అభ్యర్థనలు వరదలా వచ్చినా సర్వర్ తట్టుకునే ఏర్పాటు. 2 ఉన్నది పరీక్షల కోసం. 1 ఉంటే ఆ అభ్యర్థనల క్యూ నిండినప్పుడే కుకీలు పనిలోకి దిగుతాయి, అది చాలు.

అపోహ: “ఐపీవీ4 భద్రం చేస్తే ఐపీవీ6 కూడా అయినట్టే.”

కాదు, రెండూ ఇంటర్నెట్ చిరునామా పద్ధతులే అయినా ఐపీవీ6 సెట్టింగులు వేరు. ఐపీవీ6లో ఆర్‌పీ ఫిల్టర్ అనే సెట్టింగే లేదు, ఆ పని ఫైర్‌వాల్ రూల్‌తో చేయాలి.